పేరుకు ధర ఎవరు కడతారు?

పోయిన నెల సంచికలో ప్రపంచంలోని ఖరీదైన బ్రాండ్ల పట్టికలు వేశాం, ఏ కంపెనీ ఎక్కింది, ఏది దిగింది అని. దాని మీద వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య దేనికీ రాలేదు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నాను. ఒకే సందేహం అడిగినవాళ్ళవి కలిపేశాను. పేరు వద్దన్నవాళ్ళు ఎక్కువమంది కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు, ఊరు మాత్రం ఉంచాను.

ప్రశ్న: సార్, నేను బీకాం ఫైనలియర్. 2024లో ఆపిల్ బ్రాండు విలువ ఒక పట్టికలో 488.9 బిలియన్ డాలర్లు, ఇంకోదాంట్లో 516.6 బిలియన్లు, మూడోదాంట్లో ఏకంగా ఒక ట్రిలియన్ దాటింది. కంపెనీ ఒకటే, ఏడాదీ ఒకటే. ఏది రైటు? సెమినార్‌లో ఏది చెప్పాలి? (డిగ్రీ విద్యార్థిని, రాజమహేంద్రవరం)

జవాబు: మూడూ చెప్పమ్మా, ఏది ఎవరు కట్టిన లెక్కో కూడా కలిపి చెప్పు, అప్పుడే అది సరైన సమాధానం. ఇవి పేర్లకు విలువ కట్టే మూడు సంస్థల లెక్కలు (బిలియన్ అంటే వంద కోట్లు, ట్రిలియన్ అంటే లక్ష కోట్లు). 516.6 అన్నది లండన్‌లోని బ్రాండ్ ఫైనాన్స్ వాళ్ళది, జనవరిలో వస్తుంది. ట్రిలియన్ దాటిందన్నది కాంటార్ వాళ్ళ బ్రాండ్‌జెడ్ లెక్క, ఆ ఏడాది జూన్‌లో వచ్చింది. 488.9 ఇంటర్‌బ్రాండ్ వాళ్ళది, అక్టోబర్‌లో వచ్చింది.

మీ వీధిలో ఒక ఇల్లు అమ్మకానికి వచ్చిందనుకో. రిజిస్ట్రేషన్ ఆఫీసులో దానికి ఒక విలువ ఉంటుంది, లోను ఇచ్చే బ్యాంకు పంపిన వాల్యూయర్ ఇంకో విలువ రాస్తాడు, బ్రోకర్ చెప్పేది మూడో రేటు. ముగ్గురూ అబద్ధమాడటం లేదు, చూసేవే వేరు. ఇక్కడా అంతే. బ్రాండ్ ఫైనాన్స్ వాళ్ళు "ఈ పేరు మీది కాకపోతే, అద్దెకు తెచ్చుకుని వాడుకుంటే ఏటా ఎంత రాయల్టీ కట్టేవాళ్ళు?" అని అడుగుతారు. ఇంటర్‌బ్రాండ్ వాళ్ళు కంపెనీ లాభంలోంచి పెట్టుబడికి పోవలసింది తీసేసి, మిగిలినదాంట్లో పేరు చూసి కొన్నవాళ్ళ వల్ల వచ్చింది ఎంత అని లెక్క వేస్తారు. కాంటార్ వాళ్ళు లెక్కల పుస్తకాలతో పాటు లక్షలమంది కొనుగోలుదారులను అడిగి, ఆ జవాబులను కూడా కలుపుతారు. ఆపిల్ లాంటి, జనం ప్రాణం పెట్టే పేరుకు ఈ పద్ధతిలో ఎక్కువ పలకడంలో వింత లేదు.

కాబట్టి ఒక పట్టికలోని అంకె పక్కన ఇంకో పట్టికలోని అంకె పెట్టి "పెరిగింది, తగ్గింది" అనకూడదు. పేపర్లు తరచూ చేసే తప్పు ఇదే. జనవరిలో 516, అక్టోబర్‌లో 488, ఆపిల్ పడిపోయింది అని రాసేస్తారు. ఒకే సంస్థ పట్టికను ఏడాదికేడాది పోల్చుకుంటూ పోతేనే అర్థం ఉంటుంది. ఇంటర్‌బ్రాండ్ లెక్కలోనే ఆపిల్ 2023లో 502.7 బిలియన్లు, 2024లో 488.9. అదీ తగ్గడమంటే.

ప్రశ్న: మాది చిల్లర కొట్టు. పేరుకు వేల కోట్లా? పేరును ఎవరు కొంటారండీ, ఫ్యాక్టరీ కొంటారు, స్టాకు కొంటారు గానీ. ఇదంతా కాగితాల మీద గొప్పలు కాదా? (కిరాణా వ్యాపారి, నరసరావుపేట)

జవాబు: ఈ విషయం లండన్‌వాళ్ళ కంటే మీకే బాగా తెలుసు. ఒక రోజు గమనించండి. చక్కెర కోసం వచ్చినవాడు "కేజీ పంచదార ఇవ్వు" అంటాడు, ఏ ఫ్యాక్టరీదో అడగడు. పేస్టు దగ్గరికి వచ్చేసరికి పేరు పెట్టి అడుగుతాడు. ఆ పేరుది అయిపోయిందని చెబితే ఇంకోటి తీసుకుంటాడా, పక్క కొట్టుకు పోతాడా? పక్క కొట్టుకు పోయాడంటే ఆ కంపెనీ పేరుకు నిజంగా ధర ఉన్నట్టు, మీరు ఆ సరుకు మీద మార్జిన్ తక్కువైనా తెచ్చి పెట్టక తప్పనట్టు. "ఏదో ఒకటి ఇవ్వు" అన్నాడంటే ఆ సరుకులో పేరుకు పని లేనట్టు. కొనే నిర్ణయంలో పేరు పాత్ర అని ఇంటర్‌బ్రాండ్ వాళ్ళు శాతాల్లో రాసేది దీన్నే, మీ గల్లా పెట్టె ముందు రోజూ జరిగేదాన్నే.

ఇక పేరుకు డబ్బు కట్టేవాళ్ళు ఉన్నారా అంటే, ఉన్నారు. టాటా పేరు వాడుకునే గ్రూపు కంపెనీలు అందుకు గ్రూపు మాతృసంస్థ టాటా సన్స్‌కు డబ్బు కడతాయి. హిందుస్థాన్ యూనిలీవర్ తన మాతృసంస్థకు కట్టే రాయల్టీ, ఇతర ఫీజులు అమ్మకాల్లో 2.65 శాతం ఉండేవి, వాటిని మూడేళ్ళలో 3.45 శాతానికి పెంచుతామని 2023 జనవరిలో ప్రకటించింది. ఇందులో సాంకేతిక సాయానికి కూడా భాగం ఉంటుంది గానీ, పేరుకూ ఉంటుంది. నెస్లే ఇండియా అయితే 2024లో రాయల్టీని 4.5 శాతం నుంచి మెల్లమెల్లగా 5.25 శాతానికి తీసుకెళ్ళాలనుకుంటే వాటాదారులు ఓటేసి ఒప్పుకోలేదు. ఉత్త గొప్పలైతే ముప్పావు శాతం కోసం అంత పట్టుదల ఎందుకు?

ఇదంతా మొదలైన కథ కూడా చెబుతాను, మీకు నచ్చుతుంది. 1988లో బ్రిటన్‌లో ర్యాంక్ హోవిస్ మెక్‌డూగల్ అని ఒక రొట్టెలు, పిండి కంపెనీ ఉండేది. ఆస్ట్రేలియా కంపెనీ ఒకటి దాన్ని చవకగా లాక్కోవాలని చూసింది. మా పుస్తకాల్లో మిల్లులు, లారీలు మాత్రమే కనిపిస్తున్నాయి, ఇంటింటా తెలిసిన మా పేర్లకు విలువ లేదా అని యాజమాన్యం పట్టుబట్టి, ఇంటర్‌బ్రాండ్ సాయంతో వాటికి ధర కట్టించి బ్యాలెన్స్ షీటులో ఎక్కించింది. దాదాపు 68 కోట్ల పౌండ్లు. అదే ఏడాది నెస్లే, కిట్‌క్యాట్ చేసే రౌన్‌ట్రీ కంపెనీని పుస్తకాల్లోని ఆస్తికి ఎన్నో రెట్లు పెట్టి కొంది. కొన్నది యంత్రాలను కాదు, పిల్లలు పేరు పెట్టి అడిగే చాక్లెట్‌ను.

మన దేశపు అకౌంటింగ్ పద్ధతిలో ఇప్పటికీ సొంతంగా పెంచుకున్న పేరును ఆస్తిగా చూపడానికి వీల్లేదు. బయటినుంచి కొంటేనే చూపాలి. అందుకే యాభై ఏళ్ళు చెమటోడ్చి నిలబెట్టిన పేరు పుస్తకంలో సున్నాగా ఉంటుంది, నిన్న కొన్న పేరు కోట్లలో ఉంటుంది. నాకు ఇది ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

ప్రశ్న: నా దగ్గర ఇప్పటికీ నోకియా 1100 ఉంది, చార్జింగ్ పెడితే వెలుగుతుంది. అంత మంచి ఫోను చేసిన కంపెనీ ర్యాంకు ఎలా పడిపోయింది? ముందే తెలియలేదా వాళ్ళకి? (రిటైర్డ్ టీచర్, హనుమకొండ)

జవాబు: మాస్టారూ, ఆ ఫోను గురించి ఎంత చెప్పినా తక్కువే. 2003లో వచ్చింది. దుమ్ము దూరకుండా రబ్బరు తొడుగు లాంటి కీప్యాడ్, తడి చేత్తో పట్టుకున్నా జారని పక్కలు, పైన టార్చి. కరెంటు లేని రాత్రి పొలంలో మోటారు దగ్గరికి వెళ్ళే రైతుకు ఏం కావాలో కనుక్కుని చేసిన ఫోను అది. ప్రపంచం మొత్తం మీద 25 కోట్లు అమ్ముడయ్యాయి. మన ఊళ్ళలో చాలామందికి సెల్లు అంటే మొదట తెలిసింది ఆ టార్చి వెలుగే.

ఇప్పుడు ఇంటర్‌బ్రాండ్ ర్యాంకులు వరసగా చూడండి. 2007లో నోకియా ప్రపంచంలో 5వ స్థానం. అదే ఏడాది ఐఫోన్ వచ్చింది. 2008లోనూ 5, 2009లోనూ 5. అంటే దెబ్బ తగిలిన రెండేళ్ళ తర్వాత కూడా పట్టికలో చెక్కు చెదరలేదు. 2010లో 8, 2011లో 14, 2012లో 19. ఆ తర్వాత 2013లో ఒక్కసారిగా 57, 2014లో 98. ఆ మరుసటేడు వందలో లేదు. విలువ చూస్తే 2008లో దాదాపు 36 బిలియన్ డాలర్లు ఉన్నది 2014లో 4 బిలియన్లకు వచ్చింది.

మీరడిగిన "ముందే తెలియలేదా" అన్నదానికి జవాబు ఆ మూడు అయిదుల్లోనే ఉంది. ర్యాంకు అన్నది తుపాను వెళ్ళిపోయాక ఊళ్ళోకి వచ్చే పంట నష్టం అంచనా బృందం లాంటిది. కొలతలు బాగానే కొలుస్తారు, కానీ అప్పటికే చేను పడిపోయి ఉంటుంది. గాలి మారడం ముందు తెలిసేది కొట్టు దగ్గర. 2010, 2011 నాటికే సెల్ షాపులో కుర్రాళ్ళు వేలితో తెర మీద రుద్ది చూసి, బటన్ల ఫోన్లను పక్కకు నెట్టేవాళ్ళు. ఆ కుర్రాళ్ళ నాన్నలు మాత్రం ఇంకా నోకియానే కొనేవాళ్ళు. ఆ నాన్నల అమ్మకాలు పుస్తకాల్లో కనిపించినంత కాలం ర్యాంకు నిలబడింది.

చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరులో 2006లో తెరిచిన ఫ్యాక్టరీ 2014 నవంబర్‌లో మూతపడింది. వేలమంది ఆడపిల్లలు ఆ ఫోన్లు బిగిస్తూ నెల జీతంతో ఇల్లు నడిపినవాళ్ళు. పన్ను గొడవలు కూడా ఉన్నాయనుకోండి. ర్యాంకు పడింది అని మనం ఒక్క ముక్కలో అనేస్తాం గానీ, దాని అడుగున ఇవన్నీ ఉంటాయి.

అయితే నోకియా చచ్చిపోలేదు. ఫోన్ల వ్యాపారాన్ని 2014లో మైక్రోసాఫ్ట్‌కు అమ్మేసి, సెల్ టవర్లకు కావలసిన సామగ్రి చేస్తూ బతికే ఉంది. మీ చేతిలో ఉన్న వేరే కంపెనీ ఫోను సిగ్నల్ నోకియా పరికరం మీదుగా వస్తూ ఉండొచ్చు. జనం నోట్లో పేరు లేదు, అంతే. కోడక్ సంగతి ఇంకా కష్టం. డిజిటల్ కెమెరాను 1975లో తయారు చేసింది వాళ్ళ ఇంజినీర్ స్టీవ్ శాసనే, ఫిల్ము అమ్మకం పోతుందేమోనని దాన్ని ముందుకు తీసుకెళ్ళలేదు. 2012 జనవరిలో దివాలా పిటిషన్ వేశారు. మన ఫొటో స్టూడియోల మీద ఆ పసుపు బోర్డులు మాత్రం ఆ తర్వాత కూడా చాలాకాలం వేలాడాయి.

ప్రశ్న: ర్యాంకు పడితే విలువ పడినట్టేనా? (విశాఖపట్నం)

జవాబు: కాదు. కోకాకోలా ఇంటర్‌బ్రాండ్ పట్టికలో 2000 నుంచి 2012 దాకా పదమూడేళ్ళు మొదటి స్థానంలో ఉంది. 2013లో మూడుకు దిగింది, ఆపిల్, గూగుల్ ముందుకెళ్ళాయి. కానీ ఆ ఏడాది కోకాకోలా విలువ 77.8 బిలియన్ల నుంచి 79.2కు పెరిగింది. మీ అబ్బాయికి క్లాసులో మార్కులు పెరిగి ర్యాంకు తగ్గితే ఏమంటారు? ఇదీ అంతే.

ప్రశ్న: థమ్సప్ "బిలియన్ డాలర్ బ్రాండు" అని పేపర్లో చదివాను. మరి ఈ పట్టికల్లో ఎక్కడా లేదేం? మా ఊళ్ళో అయితే అదే నంబర్ వన్. (ఒంగోలు)

జవాబు: మీ ఊళ్ళోనే కాదు, తెలుగువాళ్ళ పెళ్ళి విందుల్లో కూడా అదే. కానీ అది వేరే లెక్క. బిలియన్ డాలర్ బ్రాండు అంటే 2021లో దాని ఏడాది అమ్మకాలు ఒక బిలియన్ డాలర్లు దాటాయని. అమ్మకం వేరు, పేరు విలువ వేరు. రెండో కారణం, ఇంటర్‌బ్రాండ్ ప్రపంచ పట్టికలోకి రావాలంటే ఆదాయంలో దాదాపు 30 శాతమైనా సొంత ప్రాంతం బయటినుంచి రావాలి. మన దగ్గర ఎంత గిరాకీ ఉన్నా అది చాలదు. 1977లో కోక్ దేశం వదిలి వెళ్ళినప్పుడు పుట్టిన పేరు, 1993లో పార్లే వాళ్ళు దాన్ని కోకాకోలాకే అమ్మేశారు. అమ్మినా పేరు మాసిపోకుండా నిలబడిందంటే అది తాగినవాళ్ళ గొప్పతనం.

ప్రశ్న: బ్రాండు విలువ పెరిగిన కంపెనీ షేరు కొంటే లాభమేనా? తగ్గితే అమ్మేయాలా? ఎవరో యూట్యూబ్‌లో చెప్పాడు, నాకు టెన్షన్‌గా ఉంది, రిటైర్‌మెంట్ డబ్బు పెట్టాను. (విజయవాడ)

జవాబు: ఈ పట్టిక చూసి ఒక్క రూపాయి కూడా అటూ ఇటూ చేయకండి. ఎందుకో కొంచెం లెక్కతో చూపిస్తాను, ఓపిగ్గా చదవండి.

ఒక కంపెనీ అమ్మకాలు ఏడాదికి 100 కోట్లు. పేరుకు 5 శాతం రాయల్టీ అనుకుందాం, 5 కోట్లు. 25 శాతం పన్ను పోగా 3.75 కోట్లు. ఇది ఏటా 4 శాతం పెరుగుతూ ఎప్పటికీ వస్తుందనుకుంటే దాని ఇవాళ్టి విలువ ఎంత? పెట్టుబడి మీద 12 శాతం రావాలని ఆశించేవాడి లెక్కలో 12లోంచి 4 తీసేస్తే 8, ఆ 8 శాతంతో 3.75 కోట్లను భాగిస్తే దాదాపు 47 కోట్లు. ఇప్పుడు కంపెనీలో ఏమీ మారలేదు, సరుకు అదే, జనం అదే, కానీ దేశంలో వడ్డీలు పెరిగి ఆ 12 కాస్తా 14 అయిందనుకోండి. భాగించేది 10 శాతం అవుతుంది, విలువ 37.5 కోట్లకు పడుతుంది. అయిదో వంతు ఎగిరిపోయింది! పేపర్లో మాత్రం "బ్రాండు మసకబారింది" అని వస్తుంది.

దీనికి తోడు డాలరు. మన కంపెనీ పేరు విలువ రూపాయల్లో పెరిగినా, రూపాయి బలహీనపడితే డాలర్ల పట్టికలో ఆ పెరుగుదల కనిపించకుండా పోవచ్చు. ఆపిల్ సంగతే చూడండి, 2024లో ఇంటర్‌బ్రాండ్ లెక్కలో విలువ 3 శాతం తగ్గింది, ఆ ఆర్థిక సంవత్సరంలో కంపెనీ అమ్మకాలు మాత్రం 383 బిలియన్ల నుంచి 391 బిలియన్లకు పెరిగాయి.

అలాగని పట్టిక పనికిరానిదని కాదు. వరసగా మూడేళ్ళు ఒకే దిక్కుకు పోతుంటే ఆగి చూడాలి. బ్రాండ్ ఫైనాన్స్ లెక్కలో టెస్లా 2023లో 66.2 బిలియన్లు, 2024లో 58.3, 2025లో 43. ఇలా మెట్లు దిగుతుంటే దాని వెనక ఏదో ఉంటుంది. పాతబడిన మోడళ్ళు, చైనా కార్ల పోటీ, అధినేత ఎలాన్ మస్క్ మాటల మీద కొందరు కొనుగోలుదారుల కోపం, అన్నీ చెబుతారు. కానీ షేరు ధర వీటితో పాటే నడుస్తుందని ఎక్కడా రాసి లేదు. రిటైర్‌మెంట్ డబ్బు గురించి సెబీలో నమోదైన సలహాదారును అడగండి, యూట్యూబ్ కుర్రాణ్ణి కాదు.

ప్రశ్న: మన దేశంలో నంబర్ వన్ బ్రాండు టాటానా, హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకా? ప్రపంచంలో బలమైన ఆహార బ్రాండు అమూల్ అని కూడా అన్నారు, మరి నెస్లే ఏమైంది? (గృహిణి, హైదరాబాద్)

జవాబు: 2025లో బ్రాండ్ ఫైనాన్స్ లెక్కలో టాటా గ్రూపు, 31.6 బిలియన్ డాలర్లు. కాంటార్ లెక్కలో హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు. మొదటివాళ్ళు ఉప్పు నుంచి ఉక్కు దాకా టాటా పేరంతటినీ ఒక ముద్దగా చూస్తారు, రెండోవాళ్ళు ఒక్కో బ్రాండును విడివిడిగా చూస్తారు.

అమూల్ సంగతి బాగా అడిగారమ్మా. "బలమైన" వేరు, "విలువైన" వేరు. 2024లో బ్రాండ్ ఫైనాన్స్ అమూల్‌కు బలంలో 100కు 91 మార్కులు ఇచ్చింది, విలువ మాత్రం 3.3 బిలియన్లు. విలువలో నెస్లేది దానికి ఎన్నో రెట్లు. బలం అంటే జనానికి తెలియడం, నమ్మడం, మళ్ళీ మళ్ళీ కొనడం. ఆ నమ్మకం ఎంత పెద్ద వ్యాపారం మీద పనిచేస్తోందో అది విలువ. నా మటుకు నాకు విలువ పట్టిక కంటే బలం పట్టికే ఎక్కువ చదవాలనిపిస్తుంది. పాడి రైతుల సహకార సంఘం ఆ స్థానంలో ఉండటం చిన్న విషయం కాదు.

ప్రశ్న: మావారు సత్యంలో పనిచేశారు. 2009 జనవరిలో మేం పడ్డ బాధ ఇప్పటికీ మరిచిపోలేను. అంతకు కొన్ని నెలల ముందే ఆ కంపెనీకి అవార్డు ఇచ్చారు. ఈ ర్యాంకులు, అవార్డులు ఇచ్చేవాళ్ళు ఏం చూస్తారండీ? (డాలస్, అమెరికా)

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ రోజుల్లో సంబంధాలు చూసేటప్పుడు "అబ్బాయి సత్యంలో" అంటే ఇంకో ప్రశ్న ఉండేది కాదు. పేరుకు విలువ అంటే ఏమిటో మన ఇళ్ళలో అంత స్పష్టంగా చూపించిన కంపెనీ ఇంకోటి లేదు.

2008 సెప్టెంబర్‌లో మంచి కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు ఇచ్చారు. 2009 జనవరి 7న కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు తప్పు ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం బయటికి వచ్చింది, లెక్కల్లో 7,000 కోట్లకు పైగా తేడా. ఆ ఒక్క రోజే షేరు ముప్పావు వంతుకు పైగా పడిపోయింది. అవార్డును తర్వాత వెనక్కి తీసుకున్నారు.

వాళ్ళు ఏం చూస్తారంటే, కంపెనీ ఇచ్చిన లెక్కలే చూస్తారు. బ్రాండు విలువ కట్టేవాళ్ళు కూడా ఆడిటర్ సంతకం పెట్టిన ఖాతాలతోనే మొదలుపెడతారు, బ్యాంకుకు వెళ్ళి డబ్బు నిజంగా ఉందో లేదో చూడరు. పునాది అబద్ధమైతే పైన కట్టిందంతా అబద్ధమే. ఇంకో విషయం దాచకుండా చెప్పాలి. ఈ పట్టికలు వేసే సంస్థలు కంపెనీలకు సలహాలు అమ్ముకునేవి కూడా. అంటే ర్యాంకు ఇచ్చేవాడి వ్యాపారం ర్యాంకు పొందేవాడితోనే. అందువల్ల పట్టికలు అబద్ధమని నేను అనను, కానీ చదివేటప్పుడు ఆ సంగతి మనసులో ఉండాలి.

ఆ తర్వాత జరిగింది మీకు తెలిసిందే. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా వేలంలో గెలిచింది, మహీంద్రా సత్యం అయింది, 2013లో పూర్తిగా టెక్ మహీంద్రాలో కలిసిపోయి ఆ పేరే లేకుండా పోయింది. పేరు పోయింది గానీ, మీవారి లాంటి వేలమంది తెల్లారి లేచి అదే క్లయింటుకు అదే పని చేస్తూనే ఉన్నారు కదా, జీతం వస్తుందో రాదో తెలియకుండా. ఆ కంపెనీ నిజమైన విలువ అప్పుడు వాళ్ళ చేతుల్లో ఉంది. ఏ పట్టికలోనూ ఆ లెక్క రాలేదు.

ప్రశ్న: బ్రాండు మీద బ్యాంకు అప్పు ఇవ్వొచ్చా? (బ్యాంకు ఉద్యోగి, కరీంనగర్)

జవాబు: ఇవ్వొచ్చు, ఇచ్చారు, ఏమైందో చూశాం. కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ పేరును, ట్రేడ్‌మార్కులను తాకట్టు పెట్టుకునేటప్పుడు వాటికి 4,000 కోట్లకు పైగా విలువ చూపించారు. 2012లో విమానాలు ఆగిపోయాయి. 2016 ఏప్రిల్ 30న ఎస్‌బీఐ నాయకత్వంలో బ్యాంకులు ఆ పేర్లను వేలం పెట్టాయి, కనీస ధర 366.70 కోట్లు. ఒక్కరూ పాడుకోలేదు.

నేను కూడా ఒకప్పుడు బ్యాంకు అప్పుల విభాగంలో పనిచేశాను. ఒక మధ్యతరహా కంపెనీ నిగనిగలాడే బైండింగుతో బ్రాండు విలువ రిపోర్టు తెచ్చింది. అందులో వచ్చే పదేళ్ళూ అమ్మకాలు ఏటా 25 శాతం పెరుగుతాయని రాసి ఉంది. ఎలా పెరుగుతాయని అడిగితే జవాబు లేదు, రిపోర్టు మాత్రం ఫైల్లో చేరింది. ఆ అప్పు తర్వాత మొండి బాకీ అయింది. పొలం తాకట్టు పెట్టుకుంటే పంట పండకపోయినా పొలం ఉంటుంది. పేరు అలా కాదు, వ్యాపారం ఆగిన రోజే అదీ ఆగిపోతుంది, సరిగ్గా మీకు డబ్బు అవసరమైన రోజున. అదనపు పూచీగా తీసుకోండి, అసలు పూచీగా మాత్రం వద్దు.

ప్రశ్న: మా అత్తయ్యగారి పేరుతో పద్దెనిమిదేళ్ళుగా ఆవకాయ, మాగాయ, గోంగూర పెట్టి అమ్ముతున్నాం. ఏడాదికి 24 లక్షల దాకా అమ్మకం, సగం కొరియర్లోనే పోతుంది. హైదరాబాద్ వ్యాపారి ఒకాయన "పేరు మాకిచ్చేయండి, రెండు లక్షలు ఒకేసారి ఇస్తాను" అంటున్నాడు. అత్తయ్య ఇచ్చేద్దామంటున్నారు. మీ పట్టికల లెక్కలో మా పేరు ఎంత చేస్తుందండీ? (అమలాపురం దగ్గరి పల్లె)

జవాబు: ఈసారి వచ్చిన ఉత్తరాలన్నింటిలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే అనిపించింది. తొందరపడకండి.

పైన చెప్పిన లెక్కే మీకూ వేద్దాం. 24 లక్షల మీద 4 శాతం రాయల్టీ అంటే 96,000. పన్ను పోగా 72,000 అనుకోండి. అదే 8 శాతంతో భాగిస్తే 9 లక్షలు. ఇది మీ ఇప్పటి అమ్మకం మీదే. ఆయన హైదరాబాద్‌లో ఆ పేరుతో ఏడాదికి కోటి రూపాయలు అమ్మితే 4 శాతమే 4 లక్షలు, ఏటా. కొత్త పేరు పెట్టి మొదలుపెట్టకుండా మీ పేరే ఎందుకు కావాలంటున్నాడో ఆలోచించండి. జాడీ మూత తీయగానే పైన తేలిన నూనె, ఆవపిండి ఘాటు చూసి "ఇది ఆవిడ పెట్టిందే" అని బెంగళూరులో ఒకమ్మాయి అనుకుంటుంది చూడండి, ఆయన కొనాలనుకుంటున్నది దాన్ని.

ముందు పేరును ట్రేడ్‌మార్కుగా రిజిస్టరు చేయించండి. పచ్చళ్ళు 29వ తరగతి కింద వస్తాయి. వ్యక్తిగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే ఒక్కో తరగతికి ఫీజు 4,500 రూపాయలు, రిజిస్టరయితే పదేళ్ళు ఉంటుంది, తర్వాత మళ్ళీ పొడిగించుకోవచ్చు. మనకు చెన్నై ఆఫీసు పరిధి. మీరు చేయించకముందే ఆయన వేసేస్తే, పద్దెనిమిదేళ్ళ బిల్లులు పట్టుకుని మీరు వాదించుకోవాల్సి వస్తుంది. ఆ పాత బిల్లులు, కొరియర్ రసీదులు, మొదటి లేబుళ్ళు ఉంటే ఒక ఫైల్లో పెట్టండి, వాడకం ఎప్పటినుంచో చూపడానికి అవే సాక్ష్యం.

అప్పుడు కూడా పేరు అమ్మకండి, వాడుకోవడానికి మాత్రం ఇవ్వండి. మూడేళ్ళకో అయిదేళ్ళకో ఒప్పందం, అమ్మకాల మీద శాతం, మూడు నెలలకోసారి లెక్క. ఇంకొకటి తప్పకుండా రాయించండి: పాళ్ళు, నూనె రకం అత్తయ్యగారు చెప్పినట్టే ఉండాలి, ఆవిడ రుచి చూసి కాదంటే ఆ సరుకు బయటికి పోకూడదు. ఆయన నువ్వుల నూనె బదులు చవక నూనె పోసి నాలుగు నెలల్లో బూజు పడితే, తిట్టించుకునేది సీసా మీదున్న పేరే. 2015లో మ్యాగీ మీద సీసం గొడవ వచ్చి అయిదు నెలలు కొట్లలో లేకుండా పోయినప్పుడు అంత పెద్ద కంపెనీ వేల టన్నులు వెనక్కి తెచ్చి ధ్వంసం చేసి, కోర్టులో గెలిచి, నవంబర్‌లో మళ్ళీ నిలబడింది. మీకు అంత ఓపిక, అంత డబ్బు ఉండవు.

ఒప్పందం కాగితం లాయరుకు చూపించకుండా అత్తయ్యగారి చేత సంతకం పెట్టించకండి. ఈ వారంలోనే ఆ దరఖాస్తు వేసేయండి, ఆయన ఫోనుకు జవాబు ఆ తర్వాత చెప్పొచ్చు.